పుటమున బడిన జాతి

యుద్ధమున నోడిన జాతి తన యోటమికి కారణములు వెదకికొనుట లోకమున క్రొత్త కాదు. సేనాపతి అసమర్థుడనియు, మిత్రరాజులు మాట తప్పిరనియు, శత్రువుల రథములు లెక్కకు మిక్కిలిగా నుండెననియు, కాలము కలిసిరాలేదనియు చెప్పుకొని, పరాభవమును రెండు తరములు గడచులోపల వీరగాథగా మార్చుకొని సంతృప్తి నొందిన జాతులే చరిత్రయందు పెక్కు. ఐగుప్తునకును మెసొపొటేమియాకును నడుమ, మహాసామ్రాజ్యముల సేనలు నడచు త్రోవలో, కొండలపై బ్రతికిన ఒక చిన్న జాతి మాత్రము, తన రాజధాని కాలి, దేవాలయము నేలమట్టమై, కడపటి రాజు తన కుమారుల వధను కన్నులార జూచి ఆ వెంటనే ఆ కన్నులను గూడ పోగొట్టుకొని సంకెళ్లతో పరదేశమునకు నడచిన పిమ్మట, ఆ సర్వనాశమునకు శత్రువును గాక తన్ను తానే నిందించుకొని, ఆ నిందావాక్యములనే పవిత్రగ్రంథముగా భద్రపరచుకొన్నది. ఒక జాతి తన దేవునికి ద్రోహము చేయుట యన నేమి, ఆ ద్రోహమునకు తీర్పు తీర్చిన చేయి యెవరిది, ఆ తీర్పు వారిని నిజముగా శుద్ధిచేసెనా యను మూడు ప్రశ్నలను ఇశ్రాయేలు ప్రవక్తల గ్రంథముల నుండియు, ఆ గ్రంథములపై ఇటీవలి పండితులు చేసిన విచారముల నుండియు ఇచట పరిశీలింప నుద్దేశించితిని.

మొదట ఒక అపోహను తొలగించుకొనవలెను. దేవుడు స్వజాతిపై కోపించి శత్రువుల చేతి కప్పగించునను భావము ఇశ్రాయేలువారికే చెందినదని బోధకులు పలుమారు చెప్పుట కలదు గాని అది నిజము కాదు. మృతసముద్రమునకు తూర్పున దీబోను వద్ద 1868లో దొరకిన శిలాశాసనమున మోయాబు రాజైన మేషా, క్రీస్తుకు పూర్వము తొమ్మిదవ శతాబ్దమున, తన దేవుడగు కెమోషు తన దేశముపై కోపించుటచేతనే ఇశ్రాయేలు రాజగు ఒమ్రీ మోయాబును అణచగలిగెనని చెక్కించెను. కెమోషు ఎందులకు కోపించెనో ఆ శిల చెప్పదు. కోపము తీరెను, విజయము కలిగెను, కథ ముగిసెను. అంతకు వేయి సంవత్సరములకు పైగా పూర్వమే సుమేరు దేశమున ఊరు నగరము నాశనమైనప్పుడు కవులు దీర్ఘములైన విలాపకావ్యములు రచించిరి. వానియందు నగరదేవత యేడ్చును, దేవసభ యొప్పుకొనదు, ఏ నగరమునకును రాజ్యాధికారము శాశ్వతముగా నీయబడలేదను సమాధానమే దొరకును. ఊరు ప్రజలు చేసిన దోషము ఫలానా యని యెవ్వరును వ్రాయలేదు. ఇశ్రాయేలు ప్రవక్తలు క్రొత్తగా తెచ్చినది దైవకోపము కాదు, ఆ కోపమునకు అభియోగపత్రము. అందు నేరములు పేరుపేరున నున్నవి, సాక్షులున్నారు, నేరస్థుడు రాజైనను యాజకుడైనను పేరు దాచబడలేదు.

ఆ అభియోగమునకు ఆధారము నిబంధన. దేవుడు తమ్ము ఐగుప్తు దాస్యమునుండి విడిపించి, తమతో ఒడంబడిక చేసికొనెననియు, ఆ ఒడంబడికకు షరతులును, పాటించినచో దీవెనలును, మీరినచో శాపములును కలవనియు వారు నమ్మిరి. 1954లో జార్జి మెండెన్‌హాల్ అను పండితుడు హిత్తీయ చక్రవర్తులు సామంతులతో చేసికొనిన సంధిపత్రముల ఫక్కియు ఈ నిబంధనల ఫక్కియు ఒక్కటే యని చూపెను, పిమ్మట, క్రీ.పూ. 672లో అష్షూరు రాజగు ఏసర్హద్దోను తన వారసునికి విధేయులై యుందుమని సామంతులచేత చేయించిన ప్రమాణమునందలి శాపములకును ద్వితీయోపదేశకాండమునందలి శాపములకును గల పోలిక పండితలోకమున ప్రసిద్ధమైనది. సామంతుడు చక్రవర్తికి చూపవలసిన అనన్యవిధేయతను ఈ జాతి యే చక్రవర్తికిని గాక తన దేవునికే చెల్లింపదలచెను. ఆ విధేయత తప్పుటయే ద్రోహము.

కాని రాజనీతి పరిభాషతో తృప్తిపడక, ఆ ద్రోహమును గృహమధ్యమునకు తెచ్చినవాడు హోషేయ. రెండవ యరొబాము కాలమున ఉత్తరరాజ్యము సంపదతో తులతూగుచుండగా, బెయేరి కుమారుడగు ఈ ప్రవక్త గోమెరు అను స్త్రీని వివాహమాడెను. ఆమె పరపురుషులను వెంబడించెను. పుట్టిన బిడ్డలకు అతడు పెట్టిన పేర్లే జాతిపై శాసనములైనవి. పిదప ఆమెను పదునైదు తులముల వెండికిని కొంత యవధాన్యమునకును మరల కొని తెచ్చికొనెను. ధాన్యము, ద్రాక్షారసము, తైలము, గొఱ్ఱెబొచ్చు, జనుపనార ఇచ్చినవాడు బయలు దేవుడని భార్య నమ్మి అతని వెంట పోయినదనియు, ఇచ్చిన భర్త మౌనముగా సహించి, కడకు ఆ ధాన్యమును తీసివేసి ఆమెను అరణ్యమునకు కొనిపోవుననియు హోషేయ తలచెను. ఇచట శిక్ష యనగా వరములను తీసివేయుటయే. అరణ్యమనగా పూర్వము వారి ప్రేమ మొదలైన చోటు. హోషేయ హృదయమున కోపమును దయయు ఒకే వాక్యమున పెనగులాడును; ఏ పుట విప్పినను తండ్రి చేతిని తానే పట్టుకొని ఆపుకొనుచున్నట్లుండును. ప్రవక్తలయందెల్ల నాకు మిక్కిలి ప్రియమైనవాడు ఇతడే యని చెప్పుటకు సంకోచింపను.

బయలు పూజ యనునది ఏదో కొందరి చాపల్యమని యెంచరాదు. 1975, 1976 సంవత్సరములలో సీనాయి ఎడారియందలి కుంతిల్లెత్ అజ్రుద్ అనుచోట త్రవ్వకములలో బయటపడిన భాండములపై ఉత్తరరాజ్యపు రాజధానియగు షోమ్రోను యెహోవా పేరును, దాని ప్రక్కనే అషేరా దేవి పేరును కలిపి ఆశీర్వాదములు వ్రాయబడి యుండెను. సామాన్యప్రజలు ఒకరిని విడిచి ఒకరిని చేరలేదు. ఇరువురిని ఒకే గూటిలో నుంచుకొనిరి. ప్రవక్తల కోపము ఈ కలగలుపు మీదనే.

ఆమోసు మార్గము వేరు. తెకోవలో గొఱ్ఱెలు కాచుకొనుచు మేడిపండ్ల చెట్లను చూచుకొనుచుండిన ఈ దక్షిణదేశీయుడు ఉత్తరమునకు పోయి, బేతేలు రాజక్షేత్రమున నిలిచి, చుట్టుప్రక్కల జాతుల దోషములను ఒక్కొక్కటిగా చదివెను. దమస్కు, గాజా, తూరు, ఎదోము, అమ్మోను, మోయాబు, కడకు తన స్వంత యూదా: శ్రోతలు తలలూపుచుండగా ఆ వలయము ఇశ్రాయేలు చుట్టే బిగిసికొనెను. అతని అభియోగమున విగ్రహముల ప్రసక్తి స్వల్పము. ఒక జత చెప్పులకు పేదవానిని అమ్ముట, తప్పుడు త్రాసులు, తవుడు కలిపి అమ్మిన గోధుమలు, దంతపు మంచములు, తాకట్టు బట్టలపై గుడిలో పండుకొనుట, ఇవియే అతని సాక్ష్యములు. దేవుడు ఈ జాతిని విశేషముగా ఎరిగియున్నాడు గనుకనే విశేషముగా శిక్షించునని అతడు వాదించెను. ఎన్నిక యన్నది హక్కు కాదు, బాధ్యత యని దీనికన్న కఠినముగా చెప్పినవారు లేరు. యాజకుడగు అమజ్యా అతనిని స్వదేశమునకు పోయి అచటనే పొట్టపోసికొమ్మనెను.

హోషేయ చెప్పిన దేవద్రోహమును, ఆమోసు చెప్పిన జనద్రోహమును రెండు వేర్వేరు పాపములుగా విభజించి, మొదటిది మతమునకును రెండవది సంఘసంస్కారమునకును సంబంధించినదని వ్రాయుట పందొమ్మిదవ శతాబ్దపు విమర్శకులతో మొదలైన అలవాటు. ఈ విభజన నా కెన్నడును రుచింపలేదు. నాబోతు కథను చూడుడు. అహాబు రాజు తన నగరి ప్రక్కనున్న ద్రాక్షతోటను కూరతోటగా చేసికొనగోరెను. పిత్రార్జితమైన భూమిని అమ్మనని నాబోతు చెప్పెను. బయలు భక్తురాలగు రాణి యెజెబెలు రాజముద్ర వేసిన లేఖలు పంపి, ఊరిలో ఉపవాసదినము చాటించి, ఇద్దరు కూటసాక్షులను నిలిపి, దైవదూషణ చేసెనని అతనిని రాళ్లతో కొట్టించి చంపించెను. భూమిని రాజు సొత్తుగా చూచు దేవత వచ్చినచోట భూమిని కుటుంబముల వంతుగా నిచ్చిన దేవుడు పోవును. వేరొక దేవుని కొలుచుట యనగా వేరొక న్యాయమును ఒప్పుకొనుటయే. ఏలీయా ప్రవక్త ఆ తోటలో రాజు నెదుర్కొనినపుడు అడిగినది హత్యను గూర్చి.

ఇంతకన్న తీక్ష్ణమైన నిదర్శనము యిర్మీయా గ్రంథము ముప్పది నాలుగవ అధ్యాయమున నున్నది. బబులోను రాజగు నెబుకద్నెజరు సేనలు యెరూషలేమును ముట్టడించినపుడు, సిద్కియా రాజును ప్రధానులును దేవాలయమున ప్రమాణము చేసి, దూడను రెండుగా కోసి ఆ ఖండముల నడుమ నడచి, తమ హెబ్రీ దాసదాసీజనము నందరిని విడుదల చేసిరి. ఐగుప్తు సైన్యము కదలివచ్చుచున్నదన్న వార్తకు బబులోనువారు ముట్టడి సడలించి తొలగిపోయిరి. ప్రాణభయము తీరెను. విడిచిన దాసులను ఆ ప్రధానులే మరల పట్టి తెచ్చి పూర్వపు దాస్యమున పెట్టుకొనిరి. దేవునితో చేసిన ప్రమాణమును మీరుటయు, తోడి మనుష్యుని మెడపై కాడి మోపుటయు ఇచట ఒకే క్రియ. మీరు విడుదల చేయనందున, మిమ్ము కత్తికిని తెవులునకును కరువునకును విడుదల చేయుచున్నానని దేవుడు చెప్పుచున్నట్లు యిర్మీయా చాటెను. ముట్టడి మరల బిగిసెను, క్రీ.పూ. 586లో, మరికొందరి గణనమున 587లో, నగరము పడిపోయెను.

తీర్పరి చేతి పనిముట్లను గూర్చి చరిత్ర స్పష్టముగనే చెప్పుచున్నది. క్రీ.పూ. 722 ప్రాంతమున షోమ్రోను అష్షూరువారి వశమాయెను. 27,290 మందిని చెరగొని పోతినని సర్గోను చక్రవర్తి తన శాసనములలో వ్రాయించెను. 701లో అష్షూరు రాజగు సన్హెరీబు యూదా దేశముపై దండెత్తి ప్రాకారములు గల 46 నగరములు గెలిచి, దాని రాజగు హిజ్కియాను పంజరమునందలి పక్షివలె యెరూషలేములో బంధించితినని చెప్పుకొనెను. కాని ఆ నగరమును పట్టుకొంటినని మాత్రము చెప్పుకొనలేదు. యెషయా ఈ అష్షూరును దేవుని కోపదండమని పిలిచెను. అట్లు పిలిచినవాడే, ఆ దండము తన్ను పట్టుకొనిన చేతిని మరచి తానే ఆడుచున్నానని అతిశయించుచున్నదనియు, దానికిని తీర్పు కలదనియు ఆ వెంటనే చెప్పెను. సామ్రాజ్యమునకు దైవప్రయోజనము అంటగట్టుటతో ఆగిపోయినచో ప్రవక్త ఆస్థానకవి యగును. యెషయా అచట ఆగలేదు. హబక్కూకు ఇంకొక అడుగు వేసి, తనకంటె నీతిగలవానిని దుర్మార్గుడు మ్రింగివేయుచుండగా నీవేల ఊరకుందువని దేవునినే నిలదీసెను. 1962లో ప్రవక్తలను గూర్చి మహాగ్రంథము ప్రకటించిన అబ్రహాం హెషెల్, తీర్పు తీర్చు దేవుడు నిర్వికారుడైన న్యాయాధిపతి కాడనియు, ఆ తీర్పువలన తానే మొదట నొచ్చుకొనువాడనియు, ప్రవక్త యనగా ఆ నొప్పిలో పాలుపంచుకొనినవాడనియు ప్రతిపాదించెను. 1939లో యుద్ధమునకు కొలది వారముల ముందు వార్సా నగరమును విడిచి, బంధువుల ననేకులను నాజీల చేతిలో పోగొట్టుకొనిన మనుష్యుడు ఈ మాటను తేలికగా వ్రాసియుండడు.

ఇక శుద్ధిని గూర్చిన ప్రశ్న. ప్రవక్తలు ఇందులకు కంసాలి కొలిమిని ఉపమానముగా గ్రహించిరి. అది కవుల అస్పష్టకల్పన కాదు, కన్నులతో చూచిన పని. ఆ కాలపు కంసాలి హీనలోహములతో కలిసియున్న వెండిని సీసముతో చేర్చి, రంధ్రములు గల మట్టి మూసలోనో ఎముకబూడిద మూసలోనో కరగించి, తిత్తులతో గాలి విసరును. సీసము ఆ గాలిచేత మష్టుగా మారుచు, తనతో రాగి మొదలగు మలినములను లాగికొనిపోవును. తుదకు మూస యడుగున వెండి ముద్ద మెరయును. ఇందు పనిచేయునది అగ్ని యొక్కటే కాదు. సీసము, గాలి, మూస, కంసాలి ఓర్పు నన్నియు కావలెను. ఏ యొక్కటి తప్పినను వేడిమి వ్యర్థము.

ఈ సాధనమును ప్రవక్తలందరు ఒకే విధముగ వాడలేదు. యెషయా మొదటి అధ్యాయమున నగరమే మష్టు పట్టిన వెండి; దేవుడు క్షారము వేసి కడిగినట్లు ఆ మష్టును తీసివేసి, పూర్వమువలె న్యాయాధిపతులను మరల నిలుపును; ఆశ స్పష్టము, శుద్ధి ఫలము కూడ స్పష్టము, అది న్యాయస్థానమున కనబడవలెను. వందయేండ్ల పిమ్మట యిర్మీయా ఆ పనినే చేయబూని విఫలుడాయెను. దేవుడు తన్ను ఈ జాతికి లోహపరీక్షకునిగా నియమించెననియు, తిత్తి బుసకొట్టుచున్నదనియు, సీసము దహించిపోయినదనియు, అయినను మలినము వేరుపడలేదనియు చెప్పి, త్రోసివేయదగిన వెండి యని ముద్రవేసెను. ప్రవక్తల సాహిత్యమున ఇంతటి నిరాశ అరుదు. యెహెజ్కేలు అంతకును మించి, రాగి, తగరము, ఇనుము, సీసము అను మష్టు మాత్రమే కొలిమిలో నున్నదనియు, యెరూషలేమే ఆ కొలిమి యనియు చెప్పెను. అచట కరగుటయే కలదు, వెండి తేలుట లేదు. చెరకాలాంతమున వ్రాసిన మహాకవి, యెషయా గ్రంథము ద్వితీయభాగమున, దేవుడు తన జనమును పుటము వేసెను గాని వెండిని వేసినట్లు కాదనును. వెండిని వేసినట్లే పూర్తిగా వేసియున్నచో ఏమియు మిగిలియుండదని భావమని నేను గ్రహించితిని.

అగ్ని తనంతట తాను శుద్ధిచేయదని యిర్మీయా యెరుగును. బాధ మనుష్యుని మంచివానిగా చేయునను సిద్ధాంతము ఈ గ్రంథములలో లేదు. బాధ కొందరిని కఠినులను చేసినది, కొందరిని పిరికివారిని చేసినది, సిద్కియా కొలువులోనివారిని మోసగాండ్రను చేసినది. మరి శుద్ధి జరిగినదను మాట కేమి ఆధారము? చెరలో వారు చేసిన పనిని చూడవలెను.

మూడు విడతలుగా చెరకు పోయినవారు 3,023, 832, 745 మందియై, మొత్తము 4,600 మంది యని యిర్మీయా గ్రంథపు కడపటి అధ్యాయము లెక్కించుచున్నది. రాజుల గ్రంథమున పెద్దసంఖ్యలున్నవి. ఏ లెక్కను గ్రహించినను జాతిలో అధికభాగము స్వదేశముననే మిగిలెను. క్రీ.పూ. 597లోనే చెరపట్టబడిన యెహోయాకీను రాజు పేరు, అతని కుమారుల పేరిట ఇచ్చిన నూనె వంతుతో సహా, బబులోను రాజనగరి మట్టిపలకలపై దొరకినది. ఆ పలకలు 1939లో ప్రకటింపబడినవి. ఇండ్లు కట్టుకొని, తోటలు నాటుకొని, చెరగొనిన నగరమునకు క్షేమము కోరుడని యిర్మీయా చెరవారికి లేఖ వ్రాసెను. స్వదేశమున మిగిలినవారు చెరవారిని దేవునికి దూరమైనవారని తలచి వారి పొలముల నాక్రమించుకొనుచుండగా, యిర్మీయాయు యెహెజ్కేలును దేవుడు చెరవారితో పోయెననిరి. కెబారు నదీతీరమున యెహెజ్కేలు చూచిన దైవతేజమునకు చక్రములున్నవి, అది దేవాలయమునకు కట్టుబడి యుండలేదు.

గుడి లేని చోట, రాజు లేని చోట, బలి లేని చోట దేవుడు మిగిలెను. విశ్రాంతిదినమును, ప్రార్థనయు, గ్రంథమును ఆ శూన్యమున స్థిరపడెను. ద్వితీయోపదేశకాండము మొదలుకొని రాజుల గ్రంథము వరకు గల చరిత్ర యెల్ల చెరకాలమున ఒక దృష్టితో కూర్చబడినదని మార్టిన్ నోత్ 1943లో చూపినప్పటినుండి ఆ కూర్పును గూర్చి వాదములు జరుగుచున్నను, దాని ప్రధానస్వరమును గూర్చి వాదము లేదు: రాజుల వెంట రాజులను నిలిపి, వీడు చెడు చేసెనని తీర్పు చెప్పు చరిత్ర అది. విజేతల ఆస్థానములలో ఇట్టి చరిత్ర పుట్టదు. శుద్ధి యనునది ఏదైన కలదన్నచో ఇదియే నాకు కనబడుచున్నది. నిప్పు కాల్చినందువలన కాదు, కాలిన కారణమును తమ నోటితో తామే పలికి, ఆ మాటను బిడ్డలకు నేర్పినందువలన. పలుకనంతకాలము అది పరాజయము. పలికిన పిమ్మట తీర్పు.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. వానిలో బలమైనవి ఆ గ్రంథములలోనే యుండుట విశేషము. ఐగుప్తునకు పారిపోయిన స్త్రీలు యిర్మీయాతో ముఖాముఖిని వాదించిరి: ఆకాశరాణికి ధూపము వేసినన్నాళ్లు మాకు అన్నము దొరకినది, నీ మాట విని మానినప్పటినుండి కత్తియు కరువును మమ్ము తినివేయుచున్నవి. సంఘటనలు అవే, అన్వయము మారినది. యిర్మీయా దీనికి తన అన్వయమును మరల చెప్పగలిగెనే గాని నిరూపించి చూపలేకపోయెను. చరిత్ర తన భాష్యమును తాను వ్రాసికొనదు. యోషీయా రాజు క్రీ.పూ. 622 ప్రాంతమున దేశమెల్ల సంస్కరించియు 609లో మెగిద్దోవద్ద ఐగుప్తు రాజు చేతిలో హతుడాయెను. యాభైయైదు వత్సరములు దుష్టపాలన చేసిన మనష్షే మంచముపై మరణించెను. లెక్క సరిపోలేదని చరిత్రకారుడెరిగియు ఆ రెండు విషయములను దాచలేదు. నలుబదినాలుగవ కీర్తన మరింత తెగించి, మేము నిన్ను మరువలేదు, నిబంధన మీరలేదు, అయినను మాకిది సంభవించినదని దేవుని సన్నిధినే చెప్పును. తండ్రుల దోషము మేము మోయుచున్నామని విలాపవాక్యములు మొరపెట్టగా, పాపము చేసినవాడే మరణించునుగాని కుమారుడు తండ్రి దోషమును మోయడని యెహెజ్కేలు వాదించెను. జాతి యంతయు ఒక్క ముద్దగా కరగుననెడి ఉపమానమునకు ఇవి పెట్టిన గండ్లు.

నవీనుల ఆక్షేపణలలో రెండు నన్ను కలతపెట్టినవి. వ్యభిచారిణి యను రూపకమున, ముఖ్యముగా యెహెజ్కేలు పదునారవ, ఇరువదిమూడవ అధ్యాయములలో, స్త్రీదేహముపై హింస దైవకార్యముగా చిత్రింపబడినదనియు, అట్టి చిత్రణ కొట్టు భర్తకు ఊతమిచ్చుననియు రెనీటా వీమ్స్ 1995లో వ్రాసిన గ్రంథము వాదించినది. ఈ వాదమునకు నేను లొంగుదును. ఆ అధ్యాయములను వివాహవేదికపైగాని, గృహశాంతిని గూర్చిన ప్రసంగములందుగాని వాడరాదు. హోషేయ గ్రంథమును గూడ రెండవ అధ్యాయమున ఆపక పదునొకండవ అధ్యాయము వరకు, బిడ్డకు నడక నేర్పిన తల్లిదండ్రుల ప్రేమవరకు, చదివినగాని చదివినట్లు కాదు.

రెండవది ఇంకను దారుణము. 1961లో బెర్లిను నగరమున రిచర్డ్ రూబెన్‌స్టైన్ అను యూదాచార్యుడు ఒక జర్మను క్రైస్తవ మతాధికారిని కలిసికొనెను. ఆయన యూదులకు సాయపడి నాజీల చెరలో బాధలు పడిన సజ్జనుడే. ఆ సజ్జనుడు, నెబుకద్నెజరు వలెనే హిట్లరు కూడ దేవుని చేతి దండమేనని ప్రవక్తల తర్కమును తుదిదాక నడిపించెను. చరిత్రకు ప్రభువైన దేవుని నమ్మినచో ఆ నిర్ణయమునకే రావలసివచ్చునని తలచి, రూబెన్‌స్టైన్ ఆ దేవుని విడిచి, తన వాదమును 1966లో గ్రంథముగా ప్రకటించెను. మన దేశమునను ఇట్టి సందర్భము కలిగినది. 1934 జనవరి 15న బీహారు భూకంపమున వేలమంది మరణింపగా, అది అస్పృశ్యతాపాపమునకు దైవము విధించిన శిక్షయని గాంధీజీ భావించి ప్రకటించెను. భౌతికోత్పాతమునకు భౌతికకారణములే యుండుననియు, అందు నీతిని కలుపరాదనియు రవీంద్రనాథుడు నిరసించెను. గాంధీజీ ఆ నిరసనను తన హరిజన పత్రికలోనే ప్రకటించి ప్రత్యుత్తరమిచ్చెను. గాంధీజీ ఆ పాపమున తనను కలుపుకొనియే మాట్లాడినందున అందు ప్రవక్తల ధర్మము కొంత కలదు. ఐనను శిథిలములక్రింద నలిగినవారిలో అస్పృశ్యతాబాధితులును ఉండిరి; వారిపై ఆ తీర్పు ఎట్లు నిలుచును? ఈ విషయమున రవీంద్రుని పక్షమే న్యాయమని నా అభిప్రాయము.

తీర్పువాక్యము సత్యమగుట దానిని పలికిన నోటిమీద ఆధారపడును. యిర్మీయా యెరూషలేమును నిందించెను, యెరూషలేముతోడనే ఆకలిగొనెను, దాని బురదగోతిలోనే దిగబడెను; శత్రుసేనలు చుట్టుకొనియుండగా అనాతోతు పొలమును పదునేడు తులముల వెండికి కొని దస్తావేజును మట్టికుండలో దాచెను. ఆ జాతి పలికిన వాక్యమును బయటివాడు ఆ జాతి వేదనపై ప్రయోగించినపుడు అక్షరములు మారకున్నను అది అసత్యమగును. యూదుల ఆచారము ఈ మర్యాదను కాపాడినది. దేవాలయనాశమును తలచుకొను ఆబ్ నెల తొమ్మిదవనాటికి ముందరి విశ్రాంతిదినమున, వెండి మష్టాయెనని చెప్పు యెషయా మొదటి అధ్యాయమును తమ సమాజమందిరములలో తమకే చదువుకొందురు. ఆ దినమున విలాపవాక్యములు చదువుదురు. పిమ్మట ఏడు వారములు ఓదార్పు పాఠములు చదువుదురు. ముందరి మూడు వారముల నిందాపాఠములకు ఏడు వారములు ఓదార్పు.

క్రీ.పూ. 539లో పారసీకరాజగు కోరెషు బబులోనును గెలిచెను. తరువాత చెరవారిలో కొందరు మరలివచ్చిరి. 515లో రెండవ దేవాలయము పూర్తియాయెను. పుటము దిగిన వెండి ఎట్లుండెను? దేశమున బయలు బలిపీఠములు మరల లేవలేదని చెప్పవచ్చును. కాని క్రీ.పూ. 445లో నెహెమ్యా యెరూషలేము గోడలు కట్టించుచుండగా, కరువుచేత పొలములు తాకట్టుపెట్టినవారును, రాజు పన్నులకు అప్పులు తెచ్చినవారును, తమ కుమార్తెలను దాసీలుగా అప్పగించినవారును తమ సహోదరులగు యూదుల మీదనే మొరపెట్టుకొనిరి. అన్యజనులకు అమ్ముడుపోయిన మన సహోదరులను మేము విడిపించితిమి, వారిని మీరు మరల అమ్ముదురా యని నెహెమ్యా ప్రధానుల నడుగగా వారికి మాట దొరకలేదు. తానును తన అనుచరులును అప్పులిచ్చినవారమేనని అతడు దాచలేదు. నూరవవంతు వడ్డీని, తాకట్టు పొలములను తిరిగి యిప్పించి, యాజకుల యెదుట ప్రమాణము చేయించెను. సిద్కియా కాలపు ప్రమాణమునకును దీనికిని నడుమ నూటనలుబది యేండ్లు గడచినవి, విషయము మారలేదు.

ఆ శతాబ్దమునకే చెందినవాడని పలువురు తలచు మలాకీ, గ్రుడ్డివియు కుంటివియు నగు పశువులను బలిపీఠమునకు తెచ్చు యాజకులను చూచి, కంసాలి యింకను రావలసియున్నాడనెను. ఆయన వచ్చి కూర్చుండి మొదట పుటము వేయునది అన్యజనులను కాదు, సామాన్యజనులనైన కాదు, లేవీయులను. పిదప ఆయన త్వరపడి సాక్ష్యము పలుకునది మాంత్రికుల మీదను, వ్యభిచారుల మీదను, అప్రమాణికుల మీదను, కూలివాని కూలిలో కోతపెట్టువారి మీదను, విధవరాండ్రను, తండ్రిలేనివారిని, పరదేశులను బాధించువారి మీదను.